బోర్మాలో 85 డిగ్రీలు

మార్చి మొదటి వారం, శ్రీకాకుళం

పలాసలో మా పెద్దమ్మ కొడుకు నడిపే చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. అక్కడి బోర్మాలో వేడి మితిమీరితే రాత్రి కాపలా ఉన్న మనిషిని లేపే డబ్బా ఒకటి తయారు చేయాలి. ప్రాజెక్టు అంతే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి ఇదెంత, ఒక శని ఆదివారాల పని అని అన్నయ్య అనుకుంటున్నాడు. నేను మాత్రం తేదీ ఏదీ చెప్పలేదు.

బోర్మా అంటే పప్పు ఆరబెట్టే గది. జీడి పిక్కల్ని ఆవిరి మీద ఉడికించి, చల్లారాక కటింగ్ మిషన్ల మీద తొక్క తీస్తారు. లోపల్నుంచి వచ్చిన పప్పుకి ఎర్రటి పొట్టు ఇంకా అంటుకునే ఉంటుంది. దాన్ని జల్లెడ ట్రేల్లో పరిచి బోర్మాలో పెట్టి, 70 డిగ్రీల చుట్టుపక్కల ఆరేడు గంటలు ఉంచితే తేమ పోయి పొట్టు వదులవుతుంది. ఆ తర్వాత పీలింగ్. వేడి చాలకపోతే పొట్టు ఊడదు, చాకుతో గీకాలి, గీకితే పప్పు విరిగి బద్దల్లోకి పోతుంది. వేడి ఎక్కువైతే పప్పు ఎర్రబడుతుంది. డబ్ల్యూ 320 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 దాకా తూగే తెల్లటి గుండు పప్పు. అదే సైజు గుండు కాస్త మాడిందంటే ఆ గ్రేడు రాదు, ఆ ధరా రాదు. 80 కిలోల బస్తా లెక్కన కొన్న పిక్కల మీద లాభమో నష్టమో చాలావరకు ఈ గదిలోనే తేలిపోతుంది.

పొయ్యిలో వేసేది జీడి తొక్కే. ఫ్యాక్టరీలో ఎలాగూ గుట్టలుగా పడి ఉంటుంది, డబ్బు పెట్టి కట్టెలు కొనక్కర్లేదు. అయితే తొక్కలో నూనె ఉంటుంది కాబట్టి మంట ఒక తీరున ఉండదు. గంపెడు తొక్క వేస్తే కాసేపు పొగ తప్ప ఏమీ ఉండదు, తర్వాత ఒక్కసారిగా అంటుకుంటుంది. బోర్మా చూసుకునే పెద్దాయన్ని అందరూ తాతా అనే పిలుస్తారు. రాత్రంతా గోడవతల మంచం మీద పడుకుని, లేచి చూసి, మళ్లీ నడుం వాలుస్తుంటాడు. తలుపుకి ముల్లు ఉన్న థర్మామీటరు ఒకటి బిగించి ఉంది. అన్నయ్యకి గ్రాఫులు, యాప్ అక్కర్లేదు. "వేడి పెరిగితే తాతని లేపాలి, అంతేరా" అన్నాడు.

ఉద్యోగం మొదలుపెట్టినప్పటి నుంచి నాకెవరూ ఇంత చిన్నగా, ఇంత స్పష్టంగా పని చెప్పలేదు.

మార్చి, అదే నెలలో ఇంకో ఆదివారం

సెన్సర్ల దగ్గర చాలాసేపు ఆలోచించాను. చేతిలో ఉన్న డీహెచ్‌టీ22 తేమ కూడా చెబుతుంది, మంచిదే. కానీ దాని హద్దు 80 డిగ్రీలు. 75 దాటితే అరవాల్సిన చోట 80కే చేతులెత్తేసేదాన్ని పెట్టి లాభం లేదు. కె టైపు థర్మోకపుల్ అయితే కొలిమిలో పెట్టినా తట్టుకుంటుంది, అయితే దానికి వేరే చిప్ కావాలి, మోటార్ల పక్కన అంకెలు ఊగుతుంటాయి. చివరికి డీఎస్18బీ20 దగ్గర ఆగాను. 125 డిగ్రీల దాకా కొలుస్తుంది, మైనస్ 10 నుంచి 85 మధ్యలో అర డిగ్రీ అటూ ఇటూగా నమ్మొచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చింది, ప్రతి సెన్సర్‌కీ లోపల సొంత నంబరు ఉండటం. ఒకే డేటా తీగ మీద మూడూ కట్టేయొచ్చు. 4.7 కిలో ఓముల రెసిస్టరు ఒక్కటి చాలు. బోర్మా పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి.

బుర్రగా ఈఎస్‌పీ32 బోర్డు. ఆ మాడ్యూలు తట్టుకునే వేడి కూడా 85 డిగ్రీలే, కాబట్టి డబ్బా గది బయట గోడకి ఉండాలి, లోపలికి తీగలే వెళ్లాలి. వైఫై ఉంది గానీ దాని మీద ఆధారపడే ఉద్దేశం లేదు. రికార్డు ఎస్‌డీ కార్డు మీద రాసుకుంటుంది. టైము కోసం డీఎస్3231 గడియారం, దానికో బిళ్ల బ్యాటరీ. ఈ ప్రాజెక్టులో క్లౌడ్ లేదు. పగలంతా క్లౌడ్‌తోనే కదా నా బతుకు.

వంటింట్లో పరీక్ష పెట్టాను. ఐసు ముక్కలు దంచి నీళ్లలో కలిపితే సున్నా, గిన్నెలో నీళ్లు తెర్లితే 100. శ్రీకాకుళం సముద్రానికి దగ్గర ఊరు కాబట్టి ఎత్తు వల్ల తేడా అంటూ లెక్కలేమీ వేయక్కర్లేదు. మూడు సెన్సర్లూ ఐసు నీళ్లలో అర డిగ్రీ లోపే తేలాయి. "పప్పులోకి నీళ్లు పెట్టుకుంటే తీగలు ముంచేసేవు" అని అమ్మ ఆ గిన్నె మళ్లీ తోమించింది.

ఏప్రిల్, హైదరాబాద్ వెళ్లి వస్తూ

ఇంటి నుంచే పని కాబట్టి ఆఫీసుకి అప్పుడప్పుడూ మొహం చూపించాలి. ఈసారి వెళ్లిన వారమే ఆన్‌కాల్ కూడా, అంటే సర్వర్లకి ఏమైనా అయితే ఏ వేళకైనా లేచి చూడాల్సిన వంతు, పడింది. రాత్రి రెండున్నరకి ఫోన్ మోగింది. లేచి ల్యాప్‌టాప్ తెరిస్తే, డిస్కు 80 శాతం నిండిందని ఒక అలర్టు. మూడు నిమిషాల తర్వాత అదే తగ్గిపోయింది. మా టీములో ఈ అలర్టు ఎప్పటినుంచో అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు, ఎవరూ తీసెయ్యరు. తీసేస్తే రేపు ఏదైనా జరిగితే ఎవరి మీదకి వస్తుందోనని. అలాంటివి ఓ పాతిక పోగయ్యాక అసలైన అలర్టు వచ్చిన రోజున కూడా ఫోన్ తిప్పి పెట్టి పడుకుంటారు. మా దగ్గర అదీ జరిగింది.

రైల్లో కూర్చుని తాత గురించే ఆలోచించాను. నన్ను ఉత్తినే లేపితే నాకు జీతం ఇస్తున్నారు, మర్నాడు ఆలస్యంగా లాగిన్ అవ్వొచ్చు. తాత పొద్దున ఆరింటికి ట్రేలు దించాలి. రెండుసార్లు అనవసరంగా లేపితే ఆ డబ్బా ప్లగ్గు పీకి పడుకుంటాడు, పీకడం న్యాయం కూడా. కాబట్టి ఈ ప్రాజెక్టులో అసలు పని వేడి కొలవడం కాదని తేల్చుకున్నాను. లేపితే నిజంగా లేవాల్సిన పని ఉండాలి. కోడంతా దీని చుట్టూనే రాయాలి.

విశాఖలో ఇంజిను ఆ కొస నుంచి ఈ కొసకి మార్చేలోపు నియమాలు నోట్సులో రాసుకున్నాను. ఒక్క రీడింగ్ చూసి అరవకూడదు. హద్దు దాటి వరసగా కొన్ని రీడింగులు అక్కడే ఉండాలి, లేదా హద్దు దగ్గర్లో ఉండి ఆగకుండా పెరుగుతూ ఉండాలి. ఒకసారి అరిచాక మూడు డిగ్రీలు దిగేదాకా మళ్లీ కొత్తగా అరవకూడదు, లేకపోతే 75 దగ్గర ఊగుతూ రాత్రంతా మోగుతుంది. విజయనగరం, చీపురుపల్లి దాటేసరికి కోడ్ ఒక రూపుకి వచ్చింది. రైల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉండటం నా పనికి మంచిదే, ఆఫీసు చాట్ తెరుచుకోదు. పక్క బెర్తు ఆయన స్క్రీన్ చూసి "షేర్లా బాబూ?" అని అడిగాడు. జీడిపప్పండీ అన్నాను. ఇంకేమీ అడగలేదు.

ఊళ్లో లేని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో, అంటే ఆమదాలవలసలో, దిగి ఆటో పట్టుకున్నాను.

ఏప్రిల్ చివర, పలాస

బిగించే రోజు. పొద్దున ప్యాసింజర్లో బయల్దేరాను. తిలారు దాటాక ఎండ మొదలైంది. నౌపడ దగ్గర ఉప్పు మళ్లు కళ్లలోకి కొడుతున్నాయి. తేలినీలాపురానికి వలస వచ్చే కొంగలు, గూడబాతులు ఈ పాటికి వెళ్లిపోయి ఉంటాయి. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకొస్తే ఆ చెట్ల కింద వాసనకి ముక్కు మూసుకోవడమే గుర్తుంది.

ఫ్యాక్టరీలో సీజను జోరు. ఉద్దానం పిక్కలు దిగుతున్నాయి, ఒక మూల ఆఫ్రికా పిక్కల బస్తాలు కూడా ఉన్నాయి. పీలింగ్ షెడ్డులో ఆడవాళ్లు పప్పు ఒలుస్తూనే నన్నూ నా తీగల్నీ చూసి నవ్వుకున్నారు. తాత మాత్రం నవ్వలేదు. డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి, స్క్రీన్ మీద అంకెలు చూసి, తలుపు దగ్గరకెళ్లి ముల్లు చూసి వచ్చాడు.

"ఏటి బావూ, తలుపు మీద ముల్లు అరవై నాలుగంటంది. నీది డెబ్బయ్యొకటంటంది. ఏది నిజం?"

రెండూ నిజమే అంటే ఊరుకుంటాడా. థర్మామీటరు తలుపుకి ఉంది, తలుపు సందులోంచి గాలి వస్తోంది. నా నడుమ సెన్సర్ ట్రేల మధ్యన వేలాడుతోంది. పైది 74 చూపిస్తోంది, కిందిది 66. అదంతా చెప్పాను. ఆయన విని, తలుపు తీసి, నడుమ ట్రేలోంచి ఒక పప్పు తీసి బొటనవేలితో రాశాడు. పొట్టు కాస్త కదిలింది, ఊడలేదు. నోట్లో వేసుకుని పటుక్కున కొరికాడు. "ఇంకో రెండు గంటలుండాల" అన్నాడు. తర్వాత పై ట్రే, కింద ట్రే చోట్లు మార్చాడు. ఇన్నాళ్లూ మధ్యలో ట్రేలు ఎందుకు మారుస్తారో నా స్క్రీన్ మీద అంకెలతో నాకు అర్థమైంది. ఆయనకి అవేమీ లేకుండానే తెలుసు.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. వదిన చేపల పులుసు వండింది. దాని గురించి రాస్తే ఇది ప్రాజెక్టు డైరీ అవదు.

మే

దొంగ అలారం. నేను ఎంత భయపడ్డానో సరిగ్గా అదే. అర్ధరాత్రి బజర్ మోగింది, తాత లేచి తలుపు తీస్తే లోపల మామూలుగానే ఉంది. మర్నాడు అన్నయ్య ఎస్‌డీ కార్డులో ఫైలు పంపించాడు. పై సెన్సర్: 71.4375, 71.5, 85.0, 85.0, 85.0, 71.5. నడుమది కూడా సరిగ్గా అదే సమయానికి 85.0. నిజంగా వేడెక్కితే మెట్టు మెట్టుగా ఎక్కాలి కదా, ఐదు సెకన్లలో పదమూడున్నర డిగ్రీలు దూకి మళ్లీ ఐదు సెకన్లలో దిగడం ఏ కొలిమికీ సాధ్యం కాదు. పైగా ఈ సెన్సర్ డిగ్రీలో పదహారో వంతు దాకా చెబుతుంది. అలాంటిది మాటిమాటికీ చుక్క తర్వాత సున్నాతోనే ఆగడం ఏమిటి?

జవాబు డేటాషీట్‌లోనే, అంటే సెన్సర్ కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలోనే, ఉంది. డీఎస్18బీ20కి కరెంటు ఇచ్చిన క్షణాన, ఇంకా ఏమీ కొలవకముందు, దాని లోపలి గడిలో ఉండే అంకె 85. తయారు చేసినవాళ్లు పెట్టిందే అది. కొలత పూర్తవడానికి 750 మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోపు ఎవరైనా అడిగితే 85 అని చెప్పేస్తుంది. ఫ్రిజ్‌లోనో చేపల చెరువులోనో పెట్టుకున్నవాడికి 85 అని వస్తే వెంటనే అబద్ధమని తెలిసిపోతుంది. బోర్మాలో 85 నిజం కూడా కావచ్చు. నాకే దొరికింది ఇది.

మరి సెన్సర్‌కి మధ్యరాత్రి కరెంటు ఎందుకు పోయింది? తాతనే అడిగాను. ఆ టైముకి లైటు వెంటవెంటనే కొన్నిసార్లు ఆరిపోయి వచ్చిందన్నాడు. ఇన్వర్టర్ మారిన ప్రతిసారీ ఆ లిప్తకాలంలో బోర్డు నిలబడింది, పొడుగాటి తీగ చివర ఉన్న సెన్సర్లు మాత్రం పడి లేచాయి. కింది సెన్సర్ తీగ పొట్టిది, దానికేమీ కాలేదు. లెక్క సరిపోయింది.

85ని ఏకంగా కొట్టిపారేస్తే సరిపోదు, నిజంగా 85కి వెళ్లిన రోజున నోరు మూసుకుని కూర్చుంటుంది. అందుకని కొత్త నియమం: సరిగ్గా 85.0 వచ్చి, అంతకు ముందు రీడింగ్ దానికి దూరంగా ఉంటే నమ్మకు, సెన్సర్‌ని మళ్లీ కొలవమని చెప్పి పూర్తిగా ఆగి అడుగు. నిజమైన వేడి అయితే 79, 82 మీదుగానే వస్తుంది, వచ్చాక 85.0625, 84.9375 అంటూ కదులుతుంది. ఇవి కాక, సెన్సర్ల దగ్గర కరెంటుని క్షణంపాటు నిలబెట్టే చిన్న కెపాసిటర్లు, బోర్డు దగ్గర పెద్దది ఒకటి, మొత్తం సరఫరాకి ఒక 18650 బ్యాటరీ. బ్యాటరీ ఎలాగూ పెట్టాల్సిందే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ సంగతి ఎత్తితే చాలు, అన్నయ్య కరెంటు లేని రాత్రుల దగ్గర మొదలుపెట్టి పడిపోయిన జీడి తోటల దాకా వెళ్లిపోతాడు.

తాతకి ఇదంతా చెప్పలేదు. డబ్బాకి నిద్రమత్తు ఉంది, లేవగానే 85 అని పలవరిస్తుంది, ఆ అలవాటు మాన్పించాను అన్నాను. "మడిసేనన్నమాట" అన్నాడు. మొదటిసారి నవ్వాడు.

జూన్

ఈ నెలంతా తీగలతోనే సరిపోయింది. బజారులో దొరికే స్టీలు గొట్టం సెన్సర్లకి ఉండే నల్ల తీగ పీవీసీ. ఆ వేడికి మెత్తబడింది, తలుపు తీస్తే సన్నగా ప్లాస్టిక్ వాసన. వేడి సంగతి పక్కన పెట్టు, పప్పుకి ఆ వాసన పట్టిందా సరుకు వెనక్కొస్తుందని అన్నయ్య కంగారు. అలాంటివి పట్టించుకునేవాడు కాబట్టే ఈయన సరుకు అమ్ముడుపోతోంది. తీగలన్నీ పీకేసి వేడికి తట్టుకునే టెఫ్లాన్ తీగ వేశాను. సోల్డరింగ్ అంతా శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఫోన్లు బాగుచేసే కుర్రాడితో చేయించాను. నా చేయి అంత నిలకడ కాదు, అతను రోజుకి ఎన్ని ఫోన్లు విప్పుతాడో.

ఆఫీసులో అదే నెలలో డిస్కు అలర్టు తీసేయమని ప్రతిపాదన పెట్టాను. మీటింగ్‌లో చర్చించారు. వచ్చే క్వార్టర్‌లో చూద్దామన్నారు.

జులై, వాన

బజర్ చాలదు. వాన రేకుల మీద పడుతుంటే తాతకి వినపడటం లేదు. ఫోన్ రావాలి. మెసేజ్ పనికిరాదు, ఆయన మెసేజ్‌లు చూడడు, చూసినా అప్పుడు మేలుకుని ఉండాలి. ఇంటర్నెట్ సర్వీసు ద్వారా మెసేజ్‌లు పంపుదామన్నా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ రిజిస్ట్రేషన్, టెంప్లేట్లు అంటూ ఒక దుకాణం తెరవాలి. కాబట్టి డబ్బాలోనే సిమ్ పెట్టి నేరుగా ఫోన్ చేయించడం మేలు.

ఎస్ఐఎం800ఎల్ అని అగ్గిపెట్టెకన్నా చిన్న మాడ్యూలు. 2జీ మీద పనిచేస్తుంది, అందుకని జియో సిమ్ పనికిరాదు, వాళ్లకి 2జీ లేదు. ఎయిర్‌టెల్ వేశాను. కాల్ చేసే క్షణంలో 2 ఆంపియర్ల దాకా గుంజుతుంది. చిన్న చార్జర్ మీద పెడితే డయల్ చేయబోయి తనే ఆరిపోతుంది. బ్యాటరీకి నేరుగా కలిపేసరికి కుదురుకుంది.

మొదటి కాల్ పరీక్షకి తాత ఫోన్‌లో ఆ నంబరు సేవ్ చేయాలి. పేరేం పెట్టమంటావు తాతా అంటే ఆలోచించకుండా "బోర్మా" అన్నాడు. ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో అందరికీ ఇదొక వేడుక. "తాతా, బోర్మా ఫోన్ చేస్తంది" అని పీలింగ్ షెడ్డులోంచి కేకలు.

ఒక్క ఫిర్యాదు. "ఎత్తితే ఏటీ మాటాడదు. ఊరకుండిపోతాది. ఎంతుందో సెప్తే కదా, లేవాలో, పొయ్యి తలుపు మూస్తే సాలో తెలిసేది."

నిజమే కదా. ఆఫీసు అలర్టుల్లో కూడా నాకు ఒళ్లు మండేది ఇదే: ఏదో అయిందని చెబుతాయి, ఎంతో చెప్పవు. ఫోన్ ఎత్తగానే అంకె వినపడాలి. డీఎఫ్‌ప్లేయర్ అనే చిన్న ఎంపీ3 ముక్క కొని ఫోన్ మాడ్యూలు మైకు దారికి కలిపాను. గొంతు వదినది. అరవై, డెబ్భై, ఎనభై, తొంభై, ఒకటి నుంచి తొమ్మిది దాకా, తర్వాత "పైన", "నడుమ", "కింద". అంతే రికార్డింగ్. పదులు, ఒకట్లు అతికిస్తే ఏ అంకె అయినా వస్తుంది. హిందీలో చేసుంటే ప్రతి అంకె విడిగా చదివించాల్సి వచ్చేది. వెనకాల వాన చప్పుడు, కోడి కూత ఒకటి రికార్డయ్యాయి. "డెబ్భై"లో కోడి ఉంది. తీసేద్దామంటే వదిన వద్దంది.

ఆగస్టు

నిజమైన అలారం వచ్చింది. తొక్క వానకి తడిసి, పొగ మాత్రమే వస్తోందని ఇంకో గంప వేశారట. ఆ తర్వాత రెండూ కలిసి అంటుకున్నాయి. రికార్డులో పై సెన్సర్ 72 నుంచి 78 దాకా ఎక్కిన తీరు ఎంత అందంగా ఉందో, 85.0లు ఎక్కడా లేవు. ఫోన్ వెళ్లింది, "పైన డెబ్భై ఎనిమిది" అని వదిన గొంతుతో, కోడితో సహా. తాత లేచి పొయ్యికి గాలి తగ్గించి, పై ట్రేలు దించాడట. పప్పు బాగానే ఉందని అన్నయ్య మర్నాడు చెప్పాడు. తాతని అడిగితే ఫోన్ రాకముందే మెలకువ వచ్చిందన్నాడు. వచ్చే ఉంటుంది.

ఇప్పుడు ఆయన అడుగుతున్నది ఇంకోటి. హద్దు 75 అని నేను కోడ్‌లో రాసేశాను. పిక్కలు అన్నీ ఒకటి కావు, పెద్ద పప్పు నిదానంగా ఆరుతుంది, తడి తొక్క వేసే రోజున ముందే జాగ్రత్త పడాలి. దాన్ని మార్చాలంటే నేను శ్రీకాకుళం నుంచి రావాలా? ఫ్యాను రెగ్యులేటరు లాంటిది పెట్టు, నేనే తిప్పుకుంటానంటున్నాడు. మొబైల్ యాప్ రాసి అన్నయ్యకి ఇద్దామన్నది నా ఆలోచన. తాత కోరిందే సరైనది. రాత్రి రెండింటికి అక్కడ ఉండేది ఆయనే.

తిప్పితే వోల్టేజీ మారే పొటెన్షియోమీటరు తెచ్చాను. ఈఎస్‌పీ32లో వోల్టేజీ కొలిచే పిన్నులు రెండు గుంపులు, ఏడీసీ1, ఏడీసీ2. వైఫై నడుస్తుంటే ఏడీసీ2 పిన్నులు చదవలేం. రికార్డు ఫైలు ఫోన్‌లోకి దించుకోవడానికి అన్నయ్య అడపాదడపా వైఫై వాడతాడు కాబట్టి 34వ పిన్నుకి కలుపుతున్నాను, అది ఏడీసీ1. రెండు చివర్లలో అంకెలు వంకరగా వస్తాయి, అందుకని తిప్పే వరస మధ్య భాగాన్నే వాడి 68 నుంచి 80 దాకా గీతలు గీయాలి. గీతల పక్కన అంకెలు పెద్దగా ఉండాలి, తాతకి దగ్గరి చూపు ఆనదు. డబ్బా మూతకి కన్నం వేయాలి. డ్రిల్లు అన్నయ్య దగ్గర ఉంది, బిట్టు మాత్రం నేనే పట్టుకెళ్లాలి, ఏడు మిల్లీమీటర్లది.